మనకొక ఉత్తరవాది ఉన్నాడు, మరి మామ్మకు?



మా సంఘంలో ఒక మామ్మ ఉండేది. ఒంట్లో ఓపికున్నంత కాలం రాట్నం మీద పొందూరు సన్న నూలు వడికింది. భర్త పోయాక ఇల్లు కొడుకు పేర రాసిచ్చింది. ఏడాది తిరక్కుండానే అతను ఆమెను దూరాన ఒక వృద్ధాశ్రమంలో దింపి వచ్చాడు.

నేను చూడటానికి వెళ్లినప్పుడు మోచేతి దగ్గర నల్లగా కమిలి ఉంది. "పక్క తడిపీసినాను, నాదే తప్పు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఎవులికీ సెప్పకండి అయ్యగారూ, బాబు పరువు పోతాది" అంది. ఓర్చుకోమని చెప్పి, ప్రార్థన చేసి వచ్చేశాను. ఆమె ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉంది. ఆనాటి నా ప్రార్థన మాత్రం ఇంకా నన్ను గుచ్చుతోంది.

మూగవారి పక్షాన నోరు తెరవమని సామెతలు 31:8 చెబుతుంది. ఆ రోజు నేను నోరు తెరిచింది దేవుని ముందు మాత్రమే. తెరవాల్సిన చోటు ఇంకొకటి ఉందని తెలిసీ ఊరుకున్నాను.

1 యోహాను 2:1లో యేసయ్యను మన బైబిలు 'ఉత్తరవాది' అంటుంది. అంటే మన పక్షాన జవాబు చెప్పేవాడు, మన వకీలు. యోహాను సువార్త 14వ అధ్యాయంలో పరిశుద్ధాత్మను 'ఆదరణకర్త' అంటుంది. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట: పక్కన నిలబడటానికి పిలిచినవాడు. ఆదరించడం, వాదించడం వాక్యంలో ఒకే పని. మనమే దాన్ని రెండుగా చీల్చి, ఆదరణ పాస్టరుకూ వాదన లాయరుకూ పంచాం.

"విశ్వాసి కోర్టుకెక్కవచ్చా?" అని కొందరు 1 కొరింథీ 6 చూపిస్తారు. అక్కడ పౌలు తమ సొంత తగవుల కోసం వీధికెక్కిన సహోదరులను గద్దించాడు. దెబ్బలు తిన్న ముసలమ్మను నోరు మూసుకోమనలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆయనే కైసరుకు చెప్పుకున్నాడు (అపొ.కా. 25).

అమెరికాలో వృద్ధుల నర్సింగ్ హోముల్లో జరిగే హింస మీదే వాదించే లాయర్లున్నారు. మన దగ్గర 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. 60 ఏళ్లు నిండినవారు పోషణ కోసం ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. వెళ్లలేకపోతే వారు ఒప్పుకున్న మరొకరు పెట్టవచ్చు. ఆ మరొకరు పాస్టరు ఎందుకు కాకూడదు? వృద్ధులను దిక్కు లేకుండా వదిలేస్తే 3 నెలల జైలు, 5,000 రూపాయల జరిమానా వరకూ పడవచ్చు. చూసుకుంటాడన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. కాబట్టి పెద్దలారా, దస్తావేజులో ఆ షరతు రాయించకుండా సంతకం పెట్టకండి.

బీదవారికి ఖర్చు కాకూడదని ఈ చట్టంలోని 17వ సెక్షను ట్రిబ్యునల్‌లో లాయర్లను వద్దంది. ఉద్దేశం మంచిదే. కానీ చదువుకున్న కొడుకు ఎదురుగా, వణికే తల్లి ఒంటరిగా ఏం మాట్లాడుతుంది? లాయరు హాజరు కావచ్చని 2021లో కేరళ హైకోర్టు తీర్పిచ్చింది. అది న్యాయమైన మాటే.

ఇక ఆశ్రమంలో కొట్టడం పోషణ తగవు కాదు, నేరం. దానికి పోలీసు స్టేషనుంది, కోర్టుంది. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. అందుకు 15100 నంబరు, వృద్ధుల కష్టాలకు 14567 నంబరు ఉన్నాయి. ఈ రెండూ మన గుడి గోడ మీద వాక్యం పక్కనే రాయాలి.

సంఘాల్లో ఉన్న న్యాయవాదులారా, నెలకొక్క పూట ఈ పెద్దల కోసం ఇవ్వండి. పాస్టర్లారా, ఆశ్రమాలకు పళ్లు పంచే రోజునే కాదు, చెప్పకుండా మరో రోజు కూడా వెళ్లండి. మన క్రైస్తవ సంస్థలు నడిపేవాటికి ముందుగా వెళ్లండి.

ప్రభువా, ఆ మామ్మ విషయంలో నా మౌనాన్ని క్షమించు. మా పక్షాన మాట్లాడే నీవు, మా పెద్దల పక్షాన మాట్లాడటం మాకు నేర్పించు. ఆమేన్.