అటవీ సిబ్బందికి తుపాకులు: ఇస్తే సరిపోతుందా? భద్రాచలం అడవుల్లో అవి అవసరానికి పేలాలంటే ఏం కావాలి?

2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావుపై వేటకొడవళ్లతో దాడి జరిగింది. అటవీ శాఖ నాటిన మొక్కల మధ్య పశువులను మేపడంపై తలెత్తిన గొడవే దీనికి కారణం. తీవ్రంగా గాయపడిన ఆయన ప్రాణాలు కోల్పోయారు. దాడి సమయంలో ఆయన దగ్గర ఆయుధం లేదు. ఈ కేసులో ఇద్దరికి 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు జీవిత ఖైదు విధించింది.

ఆ ఘటన తర్వాత అటవీ ఉద్యోగులు రోడ్డెక్కారు. తమకూ తుపాకులు ఇవ్వాలని, అప్పటిదాకా పోడు భూముల సర్వేకు వెళ్లబోమని చెప్పారు. 2019 జూన్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మహిళా రేంజ్ ఆఫీసర్‌ను కర్రలతో కొట్టినప్పుడు కూడా ఇదే డిమాండ్ వినిపించింది.

చర్చ ఎప్పుడూ 'ఇవ్వాలా, వద్దా' అన్న దగ్గరే ఆగిపోతోంది. ఇచ్చిన తుపాకీ మూడు వానాకాలాల తర్వాత కూడా పేలుతుందా? దాన్ని ఎవరు శుభ్రం చేస్తారు? రాత్రిపూట ఎక్కడ పెడతారు? ఈ ప్రశ్నలు ఎవరూ అడగడం లేదు.

ఇంతకుముందు ఆయుధాలు ఉండేవా?

ఉండేవి. ఉమ్మడి రాష్ట్రంలో అటవీ సిబ్బంది దగ్గర తుపాకులు ఉన్న రోజులున్నాయి. నక్సలైట్ల ప్రాబల్యం పెరిగాక, వాటిని ఎత్తుకుపోతారన్న భయంతో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఆ భయంలో అర్థం ఉంది. అడవి మధ్యలో, ఒకరిద్దరు మాత్రమే ఉండే బేస్ క్యాంపులో తుపాకీ ఉందంటే, దాని కోసమే దాడి జరగొచ్చు.

చట్టం అడ్డొస్తుందా?

ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 45 ప్రకారం విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి ఆయుధం కలిగి ఉండటానికి వ్యక్తిగత లైసెన్సు అక్కర్లేదు. 2021 జనవరిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎస్.ఎ.బోబ్డే నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం కూడా అటవీ అధికారులకు ఆయుధాలు, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు ఇచ్చే విషయం ఆలోచించాలని అభిప్రాయపడింది.

చిక్కు కాల్పుల తర్వాత మొదలవుతుంది. అస్సాం ప్రభుత్వం 2010లో తన అటవీ సిబ్బందికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 197 కింద రక్షణ కల్పించింది. అలాంటి ఏర్పాటు లేనిచోట, కాల్చిన ఉద్యోగికి మిగిలేది ప్రధానంగా ఆత్మరక్షణ హక్కే. కాల్పులు తప్పనిసరి అయ్యాయని కోర్టులో ఆయనే చూపించుకోవాలి.

చలిలో తుపాకీ ఎందుకు మొరాయిస్తుంది?

తుపాకీ ఎంత నమ్మకమైనదన్న మాట రాగానే ముందు గుర్తొచ్చేది గడ్డకట్టే చలి. సియాచిన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల దాకా పడిపోతుంది. అంత చలిలో లోపలి నూనె జిడ్డులా చిక్కబడుతుంది. స్లయిడ్ నెమ్మదిగా కదులుతుంది. ఫైరింగ్ పిన్ తూటాను గట్టిగా కొట్టలేకపోతుంది. తూటాలోని మందు కూడా కాస్త నెమ్మదిగా మండుతుంది. చల్లటి తుపాకీని వెచ్చని గుడారంలోకి తెస్తే దానిపై తేమ పడుతుంది. మళ్లీ బయటికి తీసుకెళ్తే అదే మంచవుతుంది. అందుకే అక్కడ నూనె వీలైనంత తక్కువ వాడతారు. 1941 చలికాలంలో సోవియట్ రష్యాలో జర్మన్ సైన్యం నేర్చుకున్న పాఠం కూడా ఇదే.

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. తుపాకీ సాధారణంగా తనంతట తాను చెడిపోదు. వాతావరణానికి తగ్గట్టు చూసుకోకపోతే చెడిపోతుంది.

భద్రాచలంలో చలి ఎక్కడ?

ఇక్కడి సమస్య చలి కాదు. ఎండాకాలంలో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఆ వెంటనే వానాకాలం. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. చివరిదైన మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. అలాంటి నెలల్లో అడవిలో తిరిగే ఉద్యోగి బట్టలు, బూట్లు, బెల్టు రోజుల తరబడి ఆరవు.

మొదటి శత్రువు చెమట. నడుముకు కట్టుకున్న పిస్టల్ రోజంతా ఒంటికి ఆనుకుని ఉంటుంది. చెమటలోని ఉప్పు ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తడిసిన తోలు హోల్‌స్టర్ ఆ తేమను పట్టి ఉంచుతుంది. అందుకే తుపాకీని రాత్రంతా తోలు హోల్‌స్టర్‌లో వదిలేయకూడదు.

రెండోది దుమ్ము. తుప్పు పడుతుందని నూనె ఎక్కువగా రాస్తే, ఎండాకాలంలో దానికి మట్టి అంటుకుని కదిలే భాగాల మధ్య ముద్దలా తయారవుతుంది. చలిలో చిక్కబడిన నూనె చేసే పనే ఇక్కడ ఈ ముద్ద చేస్తుంది. వానాకాలంలో తరచూ తుడిచి పలుచగా నూనె రాయాలి, ఎండాకాలంలో ఇంకా తగ్గించాలి.

మూడోది తూటా. ఎండలో నిలిపిన జీపులో, తడిసిన పర్సులో నెలల తరబడి ఉన్న తూటాలపై భరోసా పెట్టుకోలేం. ప్రైమర్‌లోకి తేమ చేరితే ట్రిగ్గర్ నొక్కినా 'టక్' మనే శబ్దమే వస్తుంది. ఒంటిపై తిరిగే తూటాలను ఎప్పటికప్పుడు శిక్షణలో కాల్చేసి, కొత్తవి ఇవ్వడమే దీనికి మందు. అంటే తూటాల ఖర్చు ఏటా ఉంటుంది.

రివాల్వరా, పిస్టలా?

మన పోలీసుల దగ్గర ఎక్కువగా కనిపించే 9 ఎంఎం పిస్టల్ పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. మేగజైన్‌లో 13 తూటాలు పడతాయి. ఒక తూటా పేలకపోతే చేత్తో స్లయిడ్ లాగి దాన్ని బయటికి తీయాలి. బాగా అలవాటు ఉంటేనే కంగారులో ఆ పని జరుగుతుంది. రివాల్వర్‌లో ఒకటి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతి తూటా ముందుకొస్తుంది. కానీ తూటాలు తక్కువ, మళ్లీ నింపడానికి సమయం ఎక్కువ పడుతుంది. ఏడాదికోసారి మాత్రమే కాల్చే ఉద్యోగికి రివాల్వర్ తేలిక. క్రమం తప్పకుండా శిక్షణ ఉంటే పిస్టల్ మేలు. అంటే ఏది కొనాలన్నది ఎంత శిక్షణ ఇస్తారన్న దాన్ని బట్టి తేలాలి.

తుపాకీ ఉంటే బెండాలపాడులో ప్రాణం దక్కేదా?

కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. అమెరికా పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో ఒక లెక్క రాశారు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. శిక్షణ ఉన్న పోలీసు హోల్‌స్టర్ నుంచి తుపాకీ తీసి కాల్చడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది. అడవిలో మాటామాటా పెరిగేటప్పుడు మనుషుల మధ్య దూరం అంతకన్నా తక్కువే ఉంటుంది. అంత దగ్గరి నుంచి దాడి జరిగితే నడుముకున్న పిస్టల్ బయటికి రాకముందే అంతా అయిపోవచ్చు. తోడుగా మరికొందరు ఉండటం, ముందే సమాచారం అందడం, పనిచేసే వైర్‌లెస్ సెట్ అక్కడ తుపాకీ కన్నా ముందు అక్కరకొస్తాయి.

శేషాచలం ఏం చెబుతోంది?

2013 డిసెంబర్‌లో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలు ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. ఆ తర్వాత ఆ ప్రాంతానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వచ్చింది. 2015 ఏప్రిల్ 7న అదే అడవుల్లో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది కూలి కోసం చెట్లు నరకడానికి వచ్చిన పేదలే. ఆ కాల్పులపై ప్రశ్నలు కోర్టుల దాకా, మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లాయి. ఆయుధం లేకపోతే ఉద్యోగి ప్రాణం పోవచ్చు. అదుపు లేకపోతే ఎదుటివాడి ప్రాణం పోవచ్చు. ఈ రెండూ ఒకే అడవిలో, ఏడాదిన్నర తేడాలో జరిగాయి.

గొడవకు మూలం ఎక్కడుంది?

భూమిలో. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వా జుడుం మొదలయ్యాక అక్కడి హింసను తట్టుకోలేక వేలమంది గుత్తికోయలు గోదావరి తీర అడవులకు వచ్చారు. అడవి నరికి పోడు చేసుకున్నారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన పట్టాల పంపిణీ కింద 4 లక్షలకు పైగా ఎకరాలకు హక్కులు ఇస్తున్నట్లు అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. వలస వచ్చిన గుత్తికోయల సంగతి మాత్రం తేలలేదు. అటు పట్టా లేని కుటుంబం, ఇటు ప్లాంటేషన్ లక్ష్యం ఉన్న ఉద్యోగి. ఇద్దరూ ఎదురుపడేది అదే చెలకలో. అక్కడ ఒకరి చేతికి పిస్టల్ ఇచ్చినంత మాత్రాన ఆ భూమి ఎవరిదో తేలదు.

ఈసారి ప్రకటన వస్తే ఏం అడగాలి?

ఆయుధాలు ఇస్తామని ప్రభుత్వం మళ్లీ చెబితే ఎన్ని తుపాకులన్న లెక్క ఒక్కటే చూడకండి. ఏ రేంజ్‌లో ఆయుధాగారం కడుతున్నారు, రాత్రికి తుపాకీ అక్కడికి చేరుతుందా, లేక బేస్ క్యాంపులోనే ఉంటుందా? మరమ్మతు చూసే ఆర్మరర్ ఎవరు? ఏడాదికి ఒక్కో ఉద్యోగి ఎన్ని తూటాలతో సాధన చేస్తారు? ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు కాల్చకూడదు అన్న రాతపూర్వక నిబంధనలు ఉన్నాయా? కాల్పులు జరిగితే విచారణ ఎవరిది?

వీటికి జవాబు ఉంటే ఆ పిస్టల్ నిజంగా ఒక రక్షణ. జవాబు లేకుండా ఇస్తే, రెండు వానాకాలాలు తిరిగేసరికి అది ఉద్యోగి నడుముకు బరువు, ఎత్తుకుపోవాలనుకునే వాడికి ఆశ మాత్రమే అవుతుంది.