మన ఓటు ఎవరి సొత్తు?

మెతుకుసీమలో మన ఓటు ఏ పార్టీకీ సొంత ఆస్తి కాలేదు. 1980లో ఇందిరాగాంధీని లోక్‌సభకు పంపాం. 1999లో బీజేపీ నుంచి గెలిచిన ఆలె నరేంద్రను 2004లో టీఆర్‌ఎస్ నుంచీ గెలిపించాం. 2023 శాసనసభ ఎన్నికల్లో మెదక్ లోక్‌సభ పరిధిలోని ఏడు స్థానాల్లో ఆరు బీఆర్‌ఎస్‌కు, మెదక్ ఒక్కటి కాంగ్రెస్‌కు ఇచ్చాం. ఆరు నెలలు తిరక్కముందే, 2024 మేలో పార్లమెంటుకు బీజేపీ అభ్యర్థి రఘునందన్‌రావును ఎన్నుకున్నాం.

అమెరికా పల్లెల్లో ఇలా కాదు. అక్కడ ఓటు చాలాకాలంగా రిపబ్లికన్ల వైపే మొగ్గుతోంది. 2016 నుంచి శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది ట్రంప్ వెంటే నిలిచారు. విశ్వాసం, పార్టీ ఒకటైపోతే పాలకుని తప్పును తప్పని చెప్పే నోరు మూగబోతుంది.

మన ప్రమాదం వేరు. నోటు, సీసా, కులం మనల్ని శోధిస్తాయి. సంఘం ఓట్లన్నీ ఫలానావారికేనని పెద్దలు మాటిచ్చేస్తే విశ్వాసి మనస్సాక్షికి చోటెక్కడ? నాయకుల్ని ఎంచేటప్పుడు దైవభయం, నిజాయితీ, లంచం ముట్టని చేతులు చూడమని మోషేకు మామ యిత్రో సలహా ఇచ్చాడు (నిర్గమ 18:21). లంచం ముట్టని నాయకుడు కావాలంటే ముందు మన చేతులు శుభ్రంగా ఉండాలి కదా!