నువ్వుకాయ నోరు తెరవకముందే



ఈ నెల మనం నువ్వు చేను గూర్చి తెలుసుకుందాం. నువ్వుకాయ ఎండగానే కొన దగ్గర నోరు తెరుస్తుంది. విత్తనం నేలపై పడి మళ్ళీ మొలవడానికి మొక్కలో ఉన్న ఏర్పాటది. కాని మనకు మాత్రం మూడు నెలల కష్టం మట్టిపాలవుతుంది. రాలిన నువ్వులను ఏరుకోగలమా?

కాయ ఎందుకు పగులుతుంది? దాని తొక్కలోని పొరలు ఎండేకొద్దీ ఒకే తీరుగా ముడుచుకోవు. ఒకదానినొకటి లాగుతాయి. ఆ లాగుడుకు బలం తక్కువైన అతుకు విడిపోతుంది. పెసర, మినుము కాయలైతే రెండు బద్దలుగా చీలి, మెలితిరిగి గింజలను విసిరేస్తాయి. ఎండవేళ చేలో చిటపట చప్పుడు అదే.

నువ్వు పూత కింది నుండి పైకి సాగుతుంది. కనుక కింది కాయలు ముదిరేనాటికి పైవి ఇంకా పచ్చిగానే ఉంటాయి. అన్నీ ఎండేదాకా ఆగితే ముందు కాసిన గింజ పోతుంది.

1943లో వెనిజులాలో లాంగ్‌హామ్ అనే శాస్త్రజ్ఞుడు, ఎండినా పగలని కాయలున్న నువ్వు మొక్కను కనుగొన్నారు. అయితే ఆ కాయ ఎంత బిగువంటే, నూర్చేటప్పుడు గింజే దెబ్బతినేది. బొత్తిగా పగలకపోయినా చిక్కే!

కాబట్టి మేము చెప్పేదేమంటే, ఆకులు పండి, కింది కాయలు పసుపురంగుకు తిరగగానే, ఉదయం చల్లని వేళ కోయండి. కట్టలు కట్టి, కొనలు పైకి ఉండేటట్లు నిలబెట్టి ఆరనివ్వండి. ఎండిన తరువాత పట్టా పరచి, తలక్రిందులు చేసి దులపండి. కాయ ఎలాగూ నోరు తెరుస్తుంది. అది చేలో కాక మన పట్టా మీద తెరిచేటట్లు చూసుకుందాం.