నడిచేవాడికీ ఒక దారి కావాలి

ఒక నగరం గొప్పదనాన్ని చెప్పడానికి మనవాళ్లు మేడల అంతస్తులు లెక్కపెడతారు, ఫ్లైఓవర్ల పొడవు చెప్పుకుంటారు. నన్నడిగితే ఇంతకంటే తేలికైన కొలబద్ద ఒకటుంది. ఏ వాహనమూ లేని మనిషి ఆ ఊళ్లో ఎంతదూరం నిర్భయంగా నడవగలడు? దీనికి జవాబు దొరికితే చాలు, ఆ ఊరి సంగతి సగం తెలిసిపోతుంది.

నిరుడు వేసవి సెలవుల్లో సింగపూరులో మా మేనమామగారింట్లో పదిరోజులున్నాను. అందరూ చూసే వింతలు నేనూ చూశాను. కాని నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం అక్కడి 'సదరన్ రిడ్జెస్' అనే నడకదారి. ఊరికి దక్షిణాన వరసగా ఉన్న కొండగుట్టల మీది పార్కులను కలుపుతూ సుమారు 10 కిలోమీటర్లు సాగుతుంది. టిక్కెట్టు లేదు.

మౌంట్ ఫేబర్ అనే కొండ దగ్గర నడక మొదలుపెట్టాను. ఆ పేరుకి మన దక్షిణాదితో కొంచెం చుట్టరికం ఉంది. 1845లో ఆ కొండమీదికి దారి వేయించిన కెప్టెన్ ఫేబర్ మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందినవాడు. ఈ కొండకీ, పక్కనున్న తెలోక్ బ్లాంగా కొండకీ మధ్య పల్లంలో హెండర్సన్ రోడ్డు పోతుంది. దానిమీదుగా 2008లో 'హెండర్సన్ వేవ్స్' అనే కాలివంతెన కట్టారు. పొడవు 274 మీటర్లు. రోడ్డుకి 36 మీటర్ల ఎత్తు, అంటే దాదాపు 12 అంతస్తుల మేడంత! పేరుకి తగ్గట్టు ఉక్కూ కర్రా కలిసి అలలాగా లేస్తాయి, పడతాయి, మళ్లీ లేస్తాయి. అల లేచినచోట దాని కడుపులోనే కూర్చునే వీలుంది. కింద బస్సులూ లారీలూ పోతున్నాయి. పైన ఒక తాతగారు మనవడి చెయ్యి పట్టుకుని తీరుబడిగా నడుస్తున్నారు. ఆయన్ని పక్కకి తప్పుకోమనే హారన్ ఒక్కటీ లేదు.

ఆ కొండ దాటాక 1.3 కిలోమీటర్ల 'ఫారెస్ట్ వాక్' వస్తుంది. చెట్ల కొమ్మల నడుమ ఇనుప జల్లెడలాంటి బాట. వాలు ఎంత తక్కువంటే, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా పోవచ్చు. తరవాత అలెగ్జాండ్రా రోడ్డు అడ్డమొస్తే అక్కడా 80 మీటర్ల కాలివంతెనే. చివర కెంట్ రిడ్జ్. 1942 ఫిబ్రవరిలో జపాను సేనలతో మలయ్ రెజిమెంటు పోరాడిన చోటు అది.

ఆ వంతెన అందంకన్నా దాని వెనకున్న ఆలోచన నాకు గొప్పగా తోచింది. కొండల మధ్య రోడ్డు అడ్డొస్తే మామూలుగా ఏం చేస్తారు? నడిచేవాణ్ణి కిందికి దిగమంటారు, ప్రాణాలు అరచేత పట్టుకుని దాటమంటారు, మళ్లీ ఎక్కమంటారు. అక్కడివాళ్లు మాత్రం నడిచేవాడి దారి తెగకూడదనుకున్నారు.

"వాళ్లది డబ్బున్న దేశం, మనకెక్కడ సాధ్యం?" అని మిత్రులు వాదించారు. మనకు అలల వంతెన కావాలని ఎవరన్నారు? కొండ ఎక్కడం మనకేమైనా కొత్తా? అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కేవాళ్లం మనం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణం 32 కిలోమీటర్లు చేసేవాళ్లం మనం. దారి పొడుగునా మంచినీళ్లూ మజ్జిగా ఇచ్చి వాళ్లను ఆదరించే సంస్కారం మనకుంది. మరి ఆ భక్తుడే మర్నాడు ఆఫీసుకి నడిచి వెళ్తుంటే, కాలు పెట్టడానికి రెండడుగుల చోటు ఎందుకివ్వలేకపోతున్నాం?

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది పాదచారులు. ఇవి కేంద్రప్రభుత్వం లెక్కలే. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా అన్నది. కోర్టు చెప్పింది బాగానే ఉంది. మన హాస్టలు నుంచి కాలేజీ గేటు దాకా ఉన్న రోడ్డుకి ఆ సంగతి ఇంకా చేరలేదు! ఉన్న కాస్త ఫుట్‌పాత్ మీద ఒకచోట ట్రాన్స్‌ఫార్మరు, ఒకచోట మోటారుసైకిళ్లు, ఇంకోచోట మూత లేని కాలువ. చీకటి పడ్డాక లైబ్రరీ నుంచి తిరిగొచ్చే మన చెల్లెళ్లు లారీల పక్కనే నడుస్తున్నారు.

వచ్చే ఏడాది యూనియన్ ఎన్నికలకు ఓటడగడానికి వచ్చే మిత్రులకు నాదొక మనవి. వాగ్దానాల జాబితా తరవాత ఇద్దురుగాని. ముందు రాత్రి 8 గంటలకు, బండి పక్కన పెట్టి, నాతో కలిసి గేటు నుంచి హాస్టలు దాకా నడవండి. దారి ఎక్కడెక్కడ తెగిందో కాగితం మీద రాసుకుందాం. ఆ కాగితం పట్టుకుని అందరం కలిసి మునిసిపల్ ఆఫీసుకి వెళదాం.