ఆకాశం పూర్తయింది, నేల మిగిలింది

సాహిత్య పత్రికలో వీడియో గేమ్ మీద సంపాదకీయమా అని కొందరు పాఠకులు నొసలు ముడవొచ్చు. కరీంనగర్‌లోనో, జగిత్యాలలోనో, మంచిర్యాలలోనో, ఆదిలాబాద్‌లోనో డిగ్రీ చదివే పిల్లలను ఈ మధ్య ఏ కథలో మునిగిపోయారని అడిగి చూడండి. నవల పేరు చెప్పేవాళ్లకంటే గేమ్ పేరు చెప్పేవాళ్లే ఎక్కువగా తగులుతారు. రాత్రుళ్లు ఒక పాత్ర వెంట నడిచి, దాని గెలుపోటములను తమవిగా మోసే అనుభవం వాళ్లకు అక్కడ దొరుకుతోంది. ఆ గేములను చదువు చెడగొట్టే జబ్బని తిట్టేవాళ్లున్నారు, కోట్ల వ్యాపారమని పొగిడేవాళ్లున్నారు. కథలాగా చదివి మంచిచెడ్డలు తేల్చేవాళ్లు మాత్రం తెలుగులో అరుదు. ఆ పనికి మేమిక్కడ ఒక యుద్ధవిమానాల ఆటను తీసుకుంటున్నాం.

ఆట పేరు ‘ఏస్ కాంబాట్ 7: స్కైస్ అన్‌నోన్’. జపాన్‌కు చెందిన బందాయ్ నామ్కో కంపెనీ 2019 జనవరిలో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లకూ, ఫిబ్రవరిలో కంప్యూటర్లకూ విడుదల చేసింది. ప్లేస్టేషన్ మీద 1995లో మొదలైన వరుసలో ఇది అంకె ప్రకారం ఏడోది. ఇన్ని భాగాలు వచ్చాక కొత్తగా చూపించడానికి ఏం మిగులుతుందని అనుమానం సహజం. మిగిలింది, అదీ అందరి కళ్లముందే ఉన్నది: మొగులు.

అంతకుముందు ఆటల్లో మొగులు తెర వెనక రంగు పూత. ఇందులో దానికి మందం వచ్చింది, తడి వచ్చింది. శత్రువు క్షిపణి తరుముకొస్తుంటే మొగులులోకి దూరితే దాని గురి తప్పుతుంది. అయితే లోపల ఎక్కువసేపు దాక్కుంటే కాక్‌పిట్ అద్దం మీద మంచు పేరుకుంటుంది, విమానం చెప్పినట్టు వినదు. ఉరుముల మబ్బులో పిడుగు తగిలితే ముందున్న అంకెలూ గీతలూ చెదిరిపోతాయి, కాసేపు ఎత్తెంతో వేగమెంతో తెలియదు. గాలి కొట్టిన కొట్టుకు ముక్కు పక్కకు తిరుగుతుంది. అంటే దాక్కునే చోటే ప్రాణం తీసే చోటు కూడా. ఎప్పుడు దూరాలి, ఎప్పుడు బయటపడాలి అన్న లెక్క ఆడేవాడి వేళ్లలోకి ఎక్కుతుంది. ఆకాశం ఖాళీ జాగా కాదని, దానికీ గుట్టలూ లోయలూ ఉన్నాయని ఈ ఆట చూపించినంత బాగా ఏ యుద్ధ సినిమా మాకు చూపించలేదు.

రెండో బలం కథ. దాన్ని రాసింది సునావో కతాబుచి. 2001లో వచ్చిన నాలుగో భాగానికీ, 2004లో వచ్చిన అయిదో భాగానికీ కథ ఆయనదే. ఆయనే 2016లో ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్’ అనే యానిమేషన్ చిత్రం తీశాడు. హిరోషిమా పిల్ల సుజు పెళ్లయి కురే అనే ఓడరేవు పట్నానికి కోడలుగా వస్తుంది. బొమ్మలు వేయడమంటే ఆమెకు ప్రాణం. 1945లో విమానదాడి అయిపోయాక ఆలస్యంగా పేలిన ఒక బాంబు ఆమె చేయి పట్టుకుని నడుస్తున్న చిన్నారిని చంపేస్తుంది, ఆమె బొమ్మలు వేసే కుడిచేతిని తీసుకుపోతుంది. బాంబు కింద బతికినవాళ్ల కథ చెప్పినవాడే బాంబు వేసేవాడి ఆటకూ కథ రాశాడన్నమాట. నాలుగో భాగంలో కూడా కథ చెప్పేది పైలట్ కాదు. ఆకాశంలో దెబ్బతిన్న విమానం తన ఇంటి మీద కూలడంతో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లవాడు.

ఏడో భాగంలో ఆ బాధ్యత ఏవ్రిల్ మీడ్ అనే మెకానిక్ మీద పడింది. తుక్కు సామానుతో పాత యుద్ధవిమానాన్ని బాగుచేసుకుని ఎగిరిన రోజే యుద్ధం మొదలవుతుంది. ఆమె ఖైదీ అవుతుంది. ఆమెను పంపిన చోటు ఒక ఉత్తుత్తి విమాన స్థావరం. పనికిరాని విమానాలను వరుసగా నిలబెట్టి శత్రువును మోసగించడానికి కట్టినది. అసలు స్థావరాల మీద పడాల్సిన బాంబులు ఈ ఖైదీల మీద పడాలని ఏలికల ఆలోచన. మాజీ అధ్యక్షుణ్ని చంపాడన్న నింద మోస్తూ, విమానం తోకమీద నేరపు గీతలతో, ఆటలో మనం నడిపే పైలట్ ట్రిగ్గర్ కూడా అక్కడికే చేరతాడు. యుద్ధంలో ఎవరి ప్రాణం చవక అన్న ప్రశ్నను ఇంత సూటిగా వేసిన వినోదం అరుదు.

ఇక చిరాకుల దగ్గరికొద్దాం. మొదటిది, ఈ కథంతా ఆట ఆగినప్పుడే నడుస్తుంది. ఏవ్రిల్ తన గొంతుతో చెబుతుంది, మనం చూస్తాం. మళ్లీ కాక్‌పిట్‌లో కూర్చోగానే ఆమె మాయం, కింద లక్ష్యాలను చూపే ఎర్ర గుర్తులు మిగులుతాయి. మన దిక్కు ఒగ్గుకథ చూడండి. వేములవాడ ప్రాంతపు మిద్దె రాములు లాంటి కళాకారుడు కథ చెప్పడానికి డోలు ఆపించడు. అడుగూ, పాటా, మాటా ఒక్క ఊపులో సాగుతాయి. బీరప్ప కష్టం నర్తకుడి కాళ్లలోనే కనబడుతుంది. ఈ ఆటలో కాళ్లొక చోట, కథొక చోట. ట్రిగ్గర్ మొదటి నుంచి చివరిదాకా నోరు విప్పడు కాబట్టి ఆ రెంటినీ కలిపే గొంతు కూడా లేదు.

రెండోది మనకు ప్రత్యేకంగా తగిలే చిరాకు. మిగిలిన కథను రేడియో సంభాషణల్లో నింపారు. తోక పట్టుకున్న శత్రువు నుంచి మెలికలు తిరుగుతూ తప్పించుకునే వేళ ఎవరో ఏదో అంటారు. చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్ వరుస వచ్చి పోతుంది. చదివితే క్షిపణి తగులుతుంది, చదవకపోతే కథ తెగుతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన ధర్మపురి కుర్రాడికి ఇక్కడ సగం నవల పోయినట్టే.

మూడోది ఆట పిసినారితనం. ఖైదీల దళంతో చమురు స్థావరాన్ని కొట్టే ఘట్టంలో గడువులోపు ఇన్ని పాయింట్లు తేవాలంటారు. కాస్త తగ్గితే మళ్లీ చాలా వెనక నుంచి. చెక్‌పాయింట్లు తక్కువ. ఓడినందుకు నేర్చుకునేదేమీ ఉండదు, చేసిందే చేయాలి. కొనుక్కున్నవాడి సమయాన్ని గౌరవించని పని ఇది.

అయితే అన్ని చిరాకులనూ ఒకే గాటన కట్టలేం. ఈ ఆటలోనే మరో జాతి చిరాకు ఉంది. కథలో ఒకచోట రెండు పక్షాలూ ఎదుటివాళ్ల ఉపగ్రహాలను కూల్చుకుంటాయి. ఎవరు మనవాళ్లో ఎవరు కారో చెప్పే వ్యవస్థ పడిపోతుంది. ఆ తర్వాతి ఘట్టంలో ఎదుట ఉన్న గుర్తులన్నీ ‘తెలియదు’ అనే చూపిస్తాయి. దగ్గరికి వెళ్లి చూసి, తేల్చుకుని, అప్పుడు కాల్చాలి. మనవాళ్లే మనవాళ్లను కాల్చుకుంటున్న అరుపులు రేడియోలో. ఇది విసిగించిందని, ఊపు తెంచిందని చాలామంది ఆటగాళ్లు గొణిగారు. మా దృష్టిలో ఆట మొత్తంలో గొప్ప ఘట్టం అదే. అంతసేపూ కంప్యూటర్ చూపించిన ఎర్ర గుర్తును నమ్మి మీట నొక్కిన వేలు మొదటిసారి ఆగుతుంది. ఏవ్రిల్ కథ నోటితో చెప్పలేకపోయినదాన్ని ఆ సందేహం చేతితో చెప్పించింది. పిసినారి చిరాకు ఆటను పొడిగిస్తుంది. ఈ చిరాకు మనిషిని నిలబెట్టి అడుగుతుంది. విమర్శకుడు చేయాల్సింది ఈ రెంటినీ విడదీయడం.

ఇలాంటి వరుస మన దేశంలోనూ ఉంది. భారత వాయుసేన 2014లో ‘గార్డియన్స్ ఆఫ్ ది స్కైస్’ అనే ఫోన్ గేమ్ తెచ్చింది. 2019 జులై 31న అప్పటి వాయుసేనాధిపతి బి.ఎస్. ధనోవా దాని తర్వాతి మెట్టుగా ‘ఇండియన్ ఎయిర్ ఫోర్స్: ఎ కట్ అబవ్’ను విడుదల చేశారు. రెంటినీ తయారుచేసింది థ్రీఐ అనే మన దేశపు సంస్థే. పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద దాడి, వాయుసేన పైలట్ అభినందన్ వర్ధమాన్ అక్కడ పట్టుబడి తిరిగి రావడం జరిగి అప్పటికి ఆరు నెలలు కాలేదు. ఆటలోని పైలట్‌కు అభినందన్ మీసం పెట్టారు. డబ్బు కట్టనక్కర లేకుండా మామూలు ఫోన్‌లో మిగ్-21ను నడిపించే అవకాశం పల్లె పిల్లలకు అందడం చిన్న సంగతి కాదు. యువతను వాయుసేన వైపు ఆకర్షించడం తమ ఉద్దేశమని వాళ్లు దాచుకోలేదు. చేరమని పిలిచే ఆట సందేహించమని చెప్పదు, దాని పని అది కాదు. ఆ పని చేయాల్సింది రచయితలు.

ఇక్కడి నేలను ఒకసారి ఆ పై నుంచి చూడండి. రామగుండం ఎన్టీపీసీ చిమ్నీలు ఎర్ర గుర్తులవుతాయి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గుంతలు, పక్కనే మట్టిగుట్టలు, ఎల్లంపల్లి జలాశయం, గోదావరి మీది వంతెనలు అన్నిటికీ పాయింట్లు రాసుకోవచ్చు. షిఫ్టు దిగి గోదావరిఖని బజారులో చాయ్ తాగే మనిషి ఆ ఎత్తు నుంచి కనబడడు. నిజాం కాలంలో వేసిన ఆదిలాబాద్ విమానాల మైదానం దశాబ్దాలు ఎదురుచూసింది. వాయుసేన, పౌర విమానాలు కలిసి వాడుకునే విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చింది. రేపు విమానం దిగే చోటు చుట్టూ ఊళ్లుంటాయి, చేన్లుంటాయి, భూమి ఇచ్చినవాళ్లుంటారు. ఆకాశం మీద ఆశ పెట్టుకున్న పిల్లలూ వాళ్ల ఇళ్లలోనే ఉంటారు. ఇద్దరి కథా ఒక్కచోట పట్టే ఆట మాకు తెలిసి ఇంతవరకు ఎవరూ చేయలేదు.

చేయగలిగే చేతులు కొరవడలేదు. హైదరాబాద్‌లో యానిమేషన్, గేమ్ సంస్థల్లో మన జిల్లాల పిల్లలు పనిచేస్తున్నారు. బొమ్మ గీసేవాళ్లున్నారు, ప్రోగ్రాం రాసేవాళ్లున్నారు. కథ దగ్గరికి వచ్చేసరికి మన రచయిత సినిమా గుమ్మం దాకా వెళ్లి ఆగిపోతున్నాడు. కతాబుచి లాంటి కథకుడు ఆటలోకి అడుగుపెడితే ఏమవుతుందో, ఎంతవరకు కుదిరి ఎక్కడ చెడుతుందో ఏడో భాగం నిరూపించింది.

ఈ సంచిక నుంచి మా సమీక్షల పేజీల్లో గేములకూ చోటిస్తున్నాం. ఆడినవాళ్లే రాయండి, మీ దిక్కు మాటలోనే రాయండి. ఏది బాగుందో చెప్పండి. ఎక్కడ విసుగొచ్చిందో చెప్పండి. ఆ విసుగు ఆటను పొడిగించడానికి పెట్టిందా, మిమ్మల్ని ఒక్క క్షణం ఆపి ఆలోచింపజేయడానికి పెట్టిందా అన్నది తప్పకుండా తేల్చండి.