ఒక్క రింగ్... కట్!

'చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వు నాయనా!'

బస్సెక్కుతున్న కొడుక్కి అమ్మ చెప్పే ఆఖరిమాట ఒకప్పుడు ఇదే. ఒక రింగైతే క్షేమంగా చేరినట్టు. రెండైతే 'మాట్లాడాలి, నువ్వే చెయ్యి' అని. ఇంటి ముందు బైకు ఆపిన స్నేహితుడు హారన్ కొట్టకుండా ఇచ్చే రింగుకి అర్థం 'కిందికి రా'. పాలబ్బాయి, ఆటో డ్రైవరు, హాస్టల్లో అమ్మాయి... ఎవరి లెక్క వాళ్లది. పొరపాటున అవతలివాళ్లు ఎత్తారో, 'ఎందుకెత్తావు, రూపాయి పోయింది' అన్న తిట్లు ఖాయం!

పిసినారితనం అని నవ్వేయకండి. మనదేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలిసింది. పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి దిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా బిల్లు. వచ్చిన కాల్ ఎత్తినా డబ్బులే! 2003 మే నెలలో ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఇక చేసినవాడికే ఖర్చు. దాంతో చేయించుకోవడమే తెలివైన పని అయింది.

ఆ తెలివి కంపెనీల కంట పడటానికి ఎంతోకాలం పట్టలేదు. ఫోన్ ఎత్తకముందే చేసినవాళ్ల నంబరు అవతలికి తెలిసిపోతుంది కదా, అక్కడే ఉంది కిటుకంతా. కంప్యూటర్ ఆ నంబరు రాసుకుని కాల్ కట్ చేస్తుంది. కాసేపటికి తనే ఫోన్ చేస్తుంది, లేదా ఎస్సెమ్మెస్ పంపుతుంది. బెంగళూరులో 2010లో మొదలైన 'జిప్‌డయల్' సంస్థకు ఇదే వ్యాపారం. ప్రకటనలో ఓ నంబరు ఉంటుంది, జనం రింగిచ్చి పెట్టేస్తారు, అంతే. 2011లో అన్నా హజారే ఉద్యమానికి మద్దతు కూడగట్టిందీ మిస్డ్ కాల్సే. 2015 జనవరిలో ట్విటర్ ఈ కంపెనీని కొనేసింది. అమ్మలు కనిపెట్టిన ఉపాయానికి అమెరికా కంపెనీ డబ్బు కట్టిందన్నమాట!

హిందుస్థాన్ యూనిలీవర్ ఇంకో అడుగు ముందుకేసింది. బిహార్, ఝార్ఖండ్ పల్లెల్లో అప్పట్లో కరెంటు సరిగా ఉండేది కాదు, టీవీ ప్రకటన చూసేదెవరు? చేతిలో ఫోన్ మాత్రం ఉండేది. అందుకని 'కాన్ ఖజూరా టేసన్' పెట్టింది. ఓ నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చేది. పావుగంట సేపు పాటలు, జోకులు... మధ్యమధ్యలో సబ్బుల ప్రకటనలు. 2014లో కేన్స్ ప్రకటనల పండగలో దీనికి బంగారు బహుమతులు దక్కాయి.

2016 సెప్టెంబరులో జియో వచ్చి కాల్స్ ఉచితం అంది. మిస్డ్ కాల్ పని అయిపోయిందనుకున్నారంతా. చిత్రం చూడండి, అసలు యుద్ధం తర్వాతే జరిగింది. అప్పట్లో ఒక కంపెనీ ఫోన్ నుంచి మరో కంపెనీకి కాల్ వెళ్తే నిమిషానికి ఆరు పైసలు అవతలి కంపెనీకి చెల్లించాలి. 2019లో జియో రింగ్ మోగే సమయాన్ని 20 సెకన్లకు తగ్గించింది. 'త్వరగా ఆగిపోతే మిస్డ్ కాల్ అవుతుంది, మావాళ్లు తిరిగి చేస్తారు, ఆ పైసలు జియోకి పోతాయి' అని మిగతా కంపెనీలు గగ్గోలు పెట్టాయి. తమ నెట్‌వర్క్‌కే రోజూ పాతిక ముప్ఫై కోట్ల మిస్డ్ కాల్స్ వస్తున్నాయని జియో ఎదురు లెక్క చెప్పింది. చివరికి ట్రాయ్ కలగజేసుకుని మొబైల్‌కి 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కి 60 సెకన్లు మోగాల్సిందేనని తేల్చింది. ఆరు పైసల కోసం ఇంత గొడవ పడిన కంపెనీలు అమ్మలను పిసినారులంటే ఏం బాగుంటుంది?

మోసగాళ్లూ దీన్ని వదల్లేదు. విదేశీ నంబరు నుంచి ఒక్క రింగొచ్చి ఆగిపోతుంది. ఎవరో ఏమోనని తిరిగి చేస్తే నిమిషానికి భారీ ఛార్జీ, అందులో వాటా వాళ్లకి. జపాన్‌లో పుట్టిన ఈ మోసాన్ని 'వాన్‌గిరి' అంటారు, 'ఒక రింగు, కట్' అని అర్థం. ప్లస్ గుర్తు తర్వాత 91 కాకుండా వేరే అంకెలున్న తెలియని నంబరైతే వదిలేయడమే మేలు. ప్రకటన చూసి మనమిచ్చే మిస్డ్ కాలూ పూర్తిగా ఉచితమేం కాదు. మన నంబరు వాళ్ల చేతికి వెళ్తుంది.

అలాగని అన్నిటినీ అనుమానించక్కర్లేదు. బ్యాంకు నిల్వ, పీఎఫ్ లెక్క ఒక్క రింగుతో తెలుసుకునే వీలుంది. 2021 జనవరి 1 నుంచి ఇండేన్ గ్యాస్ బండ కూడా మిస్డ్ కాల్‌తో బుక్ చేసుకోవచ్చు. ఆప్‌లు రాని పెద్దవాళ్లకు ఇదే హాయి.

ఇక పల్లెలో అమ్మ సంగతి. ఆమె ఫోన్లో ఇప్పుడు ఎన్ని కాల్స్ అయినా చేసుకునే ప్యాకే ఉంటుంది. అయినా ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. 'డబ్బులు పోవమ్మా, చెయ్యి' అని కొడుకు విసుక్కుంటే ఆమె జవాబు ఒకటే: 'డబ్బుల కోసం కాదురా. నువ్వు పనిలో ఉంటావేమోనని!'