గాలికి హెచ్చరిక యేది?

ధవళేశ్వరము బ్యారేజివద్ద నీటిమట్టము 11.75 అడుగులకు రాగానే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడును. గోదావరి జిల్లాలలో అక్షరము లెరుగని యిల్లాండ్రును ఈ హెచ్చరికల యర్థ మెరుగుదురు. అవి విని వారు గుండె పగిలి పడిపోవుట లేదు. ధాన్యము అటుకమీది కెక్కించి, పశువులను గట్టునకు తోలించి, పిల్లలను దగ్గరకు చేర్చుకొనుచున్నారు. కాకినాడ రేవులో ప్రమాదసూచిక ఎగురగనే జాలరి పడవను ఒడ్డునకు లాగుచున్నాడు. నిజము చెప్పినచో జనము బెదరిపోవుదురను వాదము అబద్ధమనుటకు వేరు సాక్ష్య మేల?

గాలి విషయమున మాత్రము ఈ మర్యాద యేల పాటింపబడదు? వరద కంటికి కనబడును. 1995 జనవరిలో పాశర్లపూడి చమురుబావి నుండి ఎగసిన మంటయు దూరగ్రామములకు కనబడెను. అణుధూళికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. దానిని కొలుచు యంత్రమును, ఆ యంత్రము చూపినదానిని ఉన్నదున్నట్లు చెప్పు మనుష్యుడును లేనిదే అది మన యింటికి వచ్చినట్లే తెలియదు.

1986 ఏప్రిల్ 26న సోవియట్ దేశమున చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రపు నాలుగవ రియాక్టరు పేలెను. చెంతనున్న ప్రిప్యత్ పట్టణవాసులను మరునాటి మధ్యాహ్నమునకు గాని తరలింపలేదు. ఈ సంగతి లోకమునకు మొదట తెలిపినది మాస్కో కాదు; వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరమున, స్వీడనులోని ఫోర్స్‌మార్క్ కేంద్రమున ఏప్రిల్ 28న ఒక పనివాని పాదరక్షల కంటిన ధూళి. అటు పిమ్మటను మే 1న కీవ్ నగర వీథులలో పిల్లలతో గూడ ఊరేగింపు జరిపించిరి!

ఆ ధూళిలోని అయోడిన్-131 గడ్డిపై పడును. గడ్డిని ఆవు మేయును. ఆవుపాల ద్వారా అది శిశువు కంఠమునందలి థైరాయిడు గ్రంథిని చేరును. ఎనిమిది దినములకు దాని బలము సగమగును. కొన్ని వారములు ఆ పాలు పోయవలదని తల్లులకు వెంటనే చెప్పియుండినచో ఎంత కీడు తప్పెడిది! తరువాతి యేండ్లలో, నాటి పిల్లలలో వేలకొలది థైరాయిడు క్యాన్సరులు బయటపడినవి. పోలండువారో, తమ గాలిని తామే కొలుచుకొని, కోటిమందికి పైగా పిల్లలకు అయోడిను మందు పట్టించిరి. దాన ఆ దేశమేమియు తలక్రిందులు కాలేదు.

ఇది పరదేశపు గాథ యని త్రోసివేయుదమా? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారము నుండి స్టైరీను ఆవిరి వెడలి పండ్రెండుమందిని బలిగొన్నది. అది అణుధూళి కాదు. పాఠము మాత్ర మదియే. అచ్చట సైరనులుండెను, మ్రోగలేదు. ఈ మాట మాది కాదు, ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘముది. ఇక శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టరులు ఆరింటిని కట్టు ప్రతిపాదన యున్నది. గాలికి జిల్లా సరిహద్దులు తెలియవు గదా!

“రేడియోధార్మికత ప్రకృతిలో అంతటను కలదు, 2011లో ఫుకుషిమా నుండి దూరదేశముల నగరములకు చేరినది అత్యల్పమే, ఇంత భయమేల?” అని కొందరు పండితులు ప్రశ్నింతురు. అత్యల్పమే, కాదనము. కాని అత్యల్పమని వారి కెట్లు తెలిసినది? ఆ నగరములవారు కొలిచిరి, ప్రకటించిరి. ప్రకటించిన అల్పము ధైర్యమిచ్చును. దాచిన అల్పము వదంతిని కనును.

1962 నాటి అణుశక్తి చట్టము, అణుకేంద్రముల సమాచారమును వెల్లడింపకుండ ఆంక్షపెట్టు అధికారమును ప్రభుత్వమున కొసగినది. శత్రువునకు తెలియరానిది ఆయుధరహస్య మగుగాక. బిడ్డకు పాలు పట్టు తల్లికి తెలియరాని రహస్యమేమి యుండును? చట్టములు మారుచుండును; మారవలసినది దాచు నలవాటు.

మేము కోరునది విద్యుత్తు వలదని కాదు. ప్రతి జిల్లాకేంద్రమునను గాలిని నిత్యము కొలిచి, ఆ యంకెను పంచాయతీ గోడమీద వ్రాయవలెను. ఏ యంకెకు ఏ హెచ్చరికయో, అపుడు తలుపులు మూయవలెనో, పాలు మానవలెనో, ఊరు విడువవలెనో బడిలో బాలురకు నేర్పవలెను. కేంద్రమును నడుపువారొకరు, గాలిని కొలుచువారు వేరొకరు కావలెను. తన తూనికకు తానే సాక్షియగు వర్తకుని సంతలో నెవడు నమ్మును? చదువుకొన్న కుటుంబములవారు ఈ మూటిని సభలలో నడుగుట మానినచో, అధికారుల మౌనములో మనకును పాలు కలుగును.